తాతయ్య హరికథ క్యాసెట్: పాత వీహెచ్‌ఎస్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు వచ్చే ఇబ్బందులు, పరిష్కారాలు



శ్రీరామనవమికి మన ఛానల్‌లో పెట్టిన హరికథ వీడియో చాలామంది చూశారు. అందులో పట్టు పంచె కట్టుకుని, మెడలో పూలదండ, చేతిలో చిడతలతో సీతారామ కల్యాణం చెప్తున్నది మా తాతయ్య, అంటే మా అమ్మ వాళ్ల నాన్నగారు. 1996లో కోనసీమలోని వాళ్ల ఊళ్లో, రామాలయం ముందు వేసిన చలువ పందిట్లో తీసిన వీడియో అది. తాతయ్య 2009లో పోయారు. ఆయన గొంతు మా దగ్గర మిగిలింది ఆ ఒక్క క్యాసెట్‌లోనే.

"మా ఇంట్లో కూడా ఇలాంటి క్యాసెట్లు ఉన్నాయి. ఎక్కించబోతే బొమ్మ రావట్లేదు, వచ్చినా నలుపు తెలుపులో వస్తోంది, మాట ఒకచోట పెదవులు ఒకచోట ఉంటున్నాయి" అని చాలామంది రాశారు. అందుకే ఈసారి కథ, శ్లోకార్థం పక్కన పెట్టి ఈ పని గురించే రాస్తున్నాను.

ముందే ఒక మాట ఒప్పుకోవాలి. ఆ వీడియోలో గంటా పది నిమిషాల దగ్గర సుమారు 20 సెకన్లు బొమ్మ మొత్తం గీతలు గీతలుగా చెదిరిపోతుంది. అది క్యాసెట్ పాతబడటం వల్ల వచ్చింది కాదు, నా తొందర వల్ల వచ్చింది. ఆ 20 సెకన్లలో ఏముందో నాకు తర్వాత తెలిసింది. మీకు అలా జరగకూడదనే ఇదంతా.

ఇప్పుడే ఎందుకు చేయాలి

వీడియో క్యాసెట్‌లో ఉండేది అర అంగుళం వెడల్పున్న ప్లాస్టిక్ రీలు. దాని మీద అయస్కాంత గుణమున్న ఇనుప ఆక్సైడ్ పొడిని ఒక రకం జిగురుతో అంటించి ఉంటారు. బొమ్మ, మాట అన్నీ ఆ పొడిలోనే ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ, ముఖ్యంగా చెమ్మ తగిలితే, ఆ జిగురు బలహీనపడుతుంది. మన కోస్తా ఊళ్లలో వానాకాలం ఎలా ఉంటుందో తెలుసు కదా. ట్రంకు పెట్టెలో బట్టలకే బూజు పడుతుంది, క్యాసెట్లకి పట్టదా?

రెండో సంగతి మెషీన్. జపాన్‌కి చెందిన జేవీసీ 1976లో వీహెచ్‌ఎస్‌ని మార్కెట్‌లోకి తెచ్చింది. వీసీఆర్‌లు చివరిదాకా తయారుచేసిన ఫునాయ్ అనే జపాన్ సంస్థ కూడా 2016లో ఆపేసింది. అంటే ఇప్పుడు మనకి దొరికేవన్నీ పాతవే. బెల్టు పోయినా, హెడ్ అరిగినా ఇంకో పాత మెషీన్ విప్పి తీయాల్సిందే.

1991, 2003 గోదావరి పుష్కరాల స్నానాలు, ఉపనయనాలు, గృహప్రవేశంలో సత్యనారాయణ వ్రతాలు, ఊరి గుడిలో విగ్రహ ప్రతిష్ఠలు... ఒకప్పుడు కలర్ టీవీ, వీసీపీ అద్దెకి తెచ్చుకుని వీధంతా కూర్చుని చూసిన క్యాసెట్లు ఇప్పుడు అటక మీద ఉన్నాయి. వాటిలో కనిపించే పెద్దవాళ్లలో చాలామంది లేరు.

గొలుసు ఎక్కడ తెగిందో ముందు కనుక్కోవాలి

ఆఫీసులో ఏదైనా పని చేయకపోతే మేం చేసేది ఒకటే. డేటా ఎక్కణ్ణుంచి బయల్దేరి ఎక్కడికి చేరుతుందో వరసగా రాసుకుని, మొదటి మెట్టు నుంచి చూసుకుంటూ వస్తాం. ఇక్కడా అంతే. క్యాసెట్, వీసీఆర్, కేబుల్, క్యాప్చర్ పరికరం, కంప్యూటర్, చివరికి ఫైలు. మొత్తం ఆరు మెట్లు.

మనం చేసే పొరపాటు ఏంటంటే, తెర మీద తప్పు కనబడగానే కంప్యూటర్లో సెట్టింగులు మార్చడం మొదలుపెడతాం. నేను రెండు వారాంతాలు డ్రైవర్లు తీసేసి మళ్లీ వేస్తూ గడిపాను. తప్పు వీసీఆర్ హెడ్ మీద ఉన్న మురికిది.

అందుకే మొదటి పరీక్ష: వీసీఆర్‌ని నేరుగా ఒక టీవీకి తగిలించి చూడండి. టీవీలోనూ తప్పు కనిపిస్తే అది క్యాసెట్‌దో వీసీఆర్‌దో. ఇంకో క్యాసెట్ వేసినా అదే తప్పు వస్తే వీసీఆర్‌ది, రాకపోతే క్యాసెట్‌ది. టీవీలో బాగుండి కంప్యూటర్లో బాగోకపోతేనే కేబుల్, క్యాప్చర్, సాఫ్ట్‌వేర్ వైపు రండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు.

ఈ పరీక్షకి మీకు ప్రాణమైన క్యాసెట్ వాడకండి. పోయినా పర్వాలేదనుకునే పాత సినిమా క్యాసెట్ ఒకటి పక్కన పెట్టుకోండి.

మొదటి మెట్టు: క్యాసెట్. నేను తప్పు చేసింది ఇక్కడే

మావయ్య ఊరి నుంచి ట్రంకు పెట్టె పంపించారు. అందులో పదకొండు క్యాసెట్లు. తాతయ్య హరికథ క్యాసెట్ కనబడగానే ఇంక ఆగలేకపోయాను. ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొన్న వీసీఆర్ సిద్ధంగా ఉంది. క్యాసెట్ తోశాను, ప్లే నొక్కాను.

కొన్ని సెకన్లు తాతయ్య కనిపించారు. తర్వాత కీచుమని శబ్దం, తెరంతా మంచు. ఆపి తీయబోతే రీలు లోపల చుట్టుకుపోయింది. మూత విప్పి నెమ్మదిగా లాగితే అర మీటరు దాకా రీలు ముడతలు పడి బయటికి వచ్చింది. మన దగ్గర వాడిన పాల్ పద్ధతిలో మామూలు వేగంతో రికార్డయిన క్యాసెట్‌లో రీలు సెకనుకి సుమారు 2.34 సెంటీమీటర్లు నడుస్తుంది. అర మీటరంటే సుమారు 20 సెకన్లు.

అప్పుడు క్యాసెట్‌ని వెలుతురులో పెట్టి కిటికీలోంచి చూశాను. నల్లగా నున్నగా ఉండాల్సిన రీలు చుట్ట అంచు మీద తెల్లని పొడిలాంటి మచ్చలు. బూజు. ప్లే నొక్కకముందు పది సెకన్లు చూసుంటే కనిపించేది.

కాబట్టి క్యాసెట్‌ని వీసీఆర్‌లో పెట్టేముందు ఇవి చేయండి.

ఒకటి, కిటికీలోంచి రెండు చుట్టలనీ టార్చి వేసి చూడండి. తెల్లని పొడి, దారాల్లాంటి మచ్చలు కనిపిస్తే అస్సలు ప్లే చేయొద్దు. బూజు రీలుని అంటించేస్తుంది, పైగా ఆ పొడి వీసీఆర్‌కి అంటుకుని తర్వాత వేసే మంచి క్యాసెట్లకి కూడా పాకుతుంది. అలాంటి క్యాసెట్‌ని విడిగా ప్లాస్టిక్ సంచిలో పెట్టండి. పట్టుకునేటప్పుడు మాస్కు వేసుకోండి, ఆ పొడి పీల్చడం మంచిది కాదు.

రెండు, క్యాసెట్ వీపు వైపు అంచున చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. దాన్ని విరిచేయండి. ఇంక పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా తాతయ్య మీద వేరే ఏదీ రికార్డవదు.

మూడు, చల్లని చోట ఉన్న క్యాసెట్‌ని తెచ్చి వెంటనే వేయకండి. మీ గదిలో ఒక రోజు ఉండనివ్వండి. చెమ్మ ఆరుతుంది.

నాలుగు, క్యాసెట్‌ని ముందు చివరిదాకా తిప్పి, మళ్లీ మొదటికి తిప్పండి. ఏళ్ల తరబడి కదలని రీలు చుట్ట సమానంగా అవుతుంది. మొరాయిస్తే వెంటనే ఆపేయండి.

మరి బూజు పట్టినవాటి సంగతి? వాటి కోసమే ఇంకో పాత ప్లేయర్ కొన్నాను. మంచి క్యాసెట్లు దాంట్లో ఎప్పుడూ వేయను. ఆరుబయట కూర్చుని, దారాలు ఊడని మెత్తటి పొడిబట్ట రీలుకి ఆనీ ఆనకుండా పట్టుకుని నెమ్మదిగా తిప్పుతూ తుడిచాను. ఒక్కో క్యాసెట్‌కి పూట పట్టింది. మీ దగ్గర ఉన్నది ఒకే ఒక్క ప్రతి అయితే, చేయి తిరిగినవాళ్లకి ఇవ్వడమే మేలని నా సలహా.

రీలు తెగిపోతే కంగారు పడకండి. క్యాసెట్ వెనకాల మరలు విప్పితే తెరుచుకుంటుంది. తెగిన చివరలు అతకడానికి అందుకే తయారైన అతుకు టేపు ఉంటుంది, అదే వాడాలి. మామూలు సెల్లోటేపు వాడితే దాని జిగురు కారి హెడ్‌కి అంటుకుంటుంది. అతుకు ఎప్పుడూ రీలు వెనక వైపు వేయాలి, హెడ్ తగిలే వైపు కాదు.

రెండో మెట్టు: వీసీఆర్

తెరంతా మంచు కురిసినట్టుండి మాట మాత్రం బాగా వినిపిస్తుంటే చాలావరకు హెడ్ మురికి. డ్రమ్ అనే గుండ్రటి లోహపు ముక్క గిరగిరా తిరుగుతుంటుంది, దాని అంచున ఉండే చిన్న హెడ్లే బొమ్మని చదువుతాయి. మాట చదివే హెడ్ వేరే చోట ఉంటుంది కాబట్టి మాట బాగుంటుంది.

శుభ్రం చేసే పద్ధతి: ప్లగ్ పీకేయండి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఎలక్ట్రానిక్ విడిభాగాల షాపుల్లో దొరుకుతుంది. దారాలు ఊడని మెత్తటి తోలుముక్క ఉన్న పుల్లని అందులో ముంచి డ్రమ్‌కి మెల్లగా ఆనించి కదలకుండా పట్టుకోండి. రెండో చేత్తో డ్రమ్ పైభాగాన్ని తిప్పండి. పుల్లని పైకీ కిందకీ రుద్దకూడదు, హెడ్ విరిగిపోతుంది. చెవిలో పెట్టుకునే దూదిపుల్లలు వద్దు, దూది దారం హెడ్‌కి చిక్కుకుంటుంది. పూర్తిగా ఆరాకే కరెంటు పెట్టండి.

బొమ్మ ఉంది కానీ పైనో కిందో అడ్డంగా గీతల పట్టీ వస్తుంటే అది ట్రాకింగ్. ఆ క్యాసెట్‌ని రికార్డు చేసిన మెషీన్‌కీ మీ మెషీన్‌కీ కొలతలో చిన్న తేడా. రిమోట్‌లోనో మెషీన్ మీదో ట్రాకింగ్ బటన్ ఉంటుంది. ఆటోమేటిక్ మీద వదిలేయకుండా ఒక్కో క్యాసెట్‌కి చేత్తో సరిచేయండి. సరిచేశాక అయిదు నిమిషాలు చూసి, అప్పుడు మొదలుపెట్టండి.

మాటలో గరగరమని శబ్దం వస్తుంటే, హైఫై మెషీన్ అయితే మెనూలో ఆడియోని హైఫై నుంచి మామూలు ట్రాక్‌కి మార్చి చూడండి. వీహెచ్‌ఎస్‌లో మామూలు మాట రీలు పై అంచున విడిగా ఉంటుంది. హైఫై గరగరలాడిన చోట అది చాలాసార్లు శుభ్రంగా వస్తుంది. రీలు కింది అంచున కంట్రోల్ ట్రాక్ ఉంటుంది. ఆ అంచు నలిగితే మాత్రం బొమ్మ నిలవదు, దొర్లిపోతుంటుంది.

ఇంకోటి. కొన్ని వీసీఆర్‌లు సిగ్నల్ కాస్త బలహీనపడగానే తెరంతా నీలం చేసేస్తాయి. పాత క్యాసెట్లో ఇది మాటిమాటికీ జరుగుతుంది. మెనూలో బ్లూ స్క్రీన్ లేదా బ్లూ బ్యాక్ అనే ఆప్షన్ ఉంటే తీసేయండి. చెదిరిన బొమ్మ అయినా నీలం తెర కన్నా నయం.

మూడు, నాలుగు మెట్లు: కేబుల్, క్యాప్చర్ పరికరం

వీసీఆర్ వెనక పసుపు రంగు పిన్ను బొమ్మకి, తెలుపు, ఎరుపు మాటకి. మీ వీసీఆర్‌కి ఒక్క తెలుపు పిన్నే ఉంటే అది మోనో, మాట ఒక స్పీకర్‌లోనే వస్తుంది. తప్పేమీ కాదు, తర్వాత రెండు వైపులకీ కాపీ చేసుకోవచ్చు.

బొమ్మ నలుపు తెలుపులో వస్తోందా? మూడు కారణాలు చూడండి. ఒకటి, సాఫ్ట్‌వేర్లో వీడియో ఇన్‌పుట్ ఎస్-వీడియో అని ఉంది, మీరు తగిలించింది పసుపు పిన్ను. దాన్ని కాంపోజిట్‌కి మార్చండి. రెండు, స్టాండర్డ్ ఎన్‌టీఎస్‌సీ అని ఉంది. మన దేశంలో తీసిన క్యాసెట్లకి పాల్ ఉండాలి. మూడు, క్యాసెట్టే అమెరికాది కావొచ్చు. అక్కడున్న పెదనాన్న వాళ్లు పంపిన క్యాసెట్లు ఎన్‌టీఎస్‌సీలో ఉంటాయి. మన పాత వీసీఆర్‌లు కొన్ని వాటిని టీవీలో చూపించగలిగినా, అవి బయటికి పంపేది రెండింటికీ మధ్యరకం సిగ్నల్. క్యాప్చర్ పరికరానికి అది అర్థం కాదు. దానికి ఎన్‌టీఎస్‌సీని ఉన్నదున్నట్టు పంపే మల్టీ సిస్టమ్ వీసీఆర్ కావాలి.

పందిరి గుంజలు, గుడి స్తంభాలు తిన్నగా లేకుండా పాములా మెలికలు తిరుగుతున్నాయా? బొమ్మ పైభాగం పక్కకి వంగిపోతోందా? బొమ్మలో ప్రతి అడ్డగీతా సరిగ్గా ఒక సమయానికి మొదలవ్వాలి. రీలు సాగినా మెషీన్ వణికినా ఒక్కో గీత కాస్త ముందో వెనకో మొదలవుతుంది. దీన్ని సరిచేసే పరికరం పేరు టైమ్ బేస్ కరెక్టర్. విడిగా కొనాలంటే ఖరీదెక్కువ. కొన్ని పాత డీవీడీ రికార్డర్లలో ఈ పని కొంతవరకు చేసే భాగం ఉంటుంది. వీసీఆర్‌ని దాని ఇన్‌పుట్‌కి, దాని అవుట్‌పుట్‌ని క్యాప్చర్ పరికరానికి తగిలించండి. రికార్డు చేయక్కర్లేదు, దాని గుండా పోనిస్తే చాలు. నా క్యాసెట్లలో స్తంభాలు నిటారుగా నిలబడింది ఇలాగే.

బొమ్మ వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటే, లేదా కాపీ చేయకూడదు అని సాఫ్ట్‌వేర్ ఆగిపోతే అది కాపీ రక్షణ. కంపెనీలు అమ్మిన క్యాసెట్లలో ఉంటుంది, వాటి జోలికి పోవద్దు. అయితే మనింటి క్యాసెట్ మరీ పాడైపోయినా, చెదిరిన సిగ్నల్‌ని చూసి కొన్ని పరికరాలు అదే అనుకుంటాయి. అప్పుడు కూడా పైన చెప్పిన డీవీడీ రికార్డర్ మార్గం ప్రయత్నించొచ్చు.

మాటలో గుయ్‌మని ఆగకుండా మోత వస్తుంటే ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి. మోత పోతే ఎర్తింగ్ సమస్య. వీసీఆర్‌ని, చార్జర్‌ని ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి.

అయిదో మెట్టు: కంప్యూటర్

మాట అస్సలు రాకపోతే ముందు విండోస్‌లో మైక్రోఫోన్ అనుమతి చూడండి. క్యాప్చర్ పరికరం ఆడియోని విండోస్ మైకు కిందే లెక్కేస్తుంది. అనుమతి లేకపోతే నిశ్శబ్దమే.

మాటకీ పెదవులకీ పొంతన లేకపోవడం అందరికీ వచ్చే ఇబ్బంది. దీన్ని కనుక్కోవడానికి ఒక సులువు ఉంది. తేడా నెమ్మదిగా, గంట గడిచేకొద్దీ పెరుగుతోందా, లేక ఒకచోట హఠాత్తుగా వచ్చిందా చూడండి. నెమ్మదిగా పెరిగితే బొమ్మని ఒక గడియారం, మాటని ఇంకో గడియారం కొలుస్తున్నాయని అర్థం. మాటని కంప్యూటర్ సౌండ్‌కార్డులోకి కాకుండా అదే క్యాప్చర్ పరికరంలోకి పంపండి, ఆడియో 48,000 హెర్ట్‌జ్ పెట్టండి. అప్పటికీ కొద్దిగా తేడా ఉంటే ఎడిటర్లో ఆడియో పొడవుని బొమ్మ పొడవుకి సరిపోయేలా సాగదీయండి. హఠాత్తుగా వస్తే మాత్రం అక్కడ ఫ్రేములు జారిపోయాయి.

ఫ్రేములు జారకుండా ఉండాలంటే క్యాప్చర్ పరికరాన్ని హబ్‌లో కాకుండా నేరుగా యూఎస్‌బీ పోర్టులో పెట్టండి. ఆ సేపు వైఫై, యాంటీవైరస్ స్కాను, స్లీప్ ఆపేయండి. రికార్డింగ్ కంప్యూటర్ లోపలి డిస్కులోకే వెళ్లనివ్వండి, బయటి డిస్కులోకి తర్వాత కాపీ చేయొచ్చు. వర్చువల్‌డబ్ లాంటి సాఫ్ట్‌వేర్లో ఎన్ని ఫ్రేములు జారాయో లెక్క కనిపిస్తుంటుంది. గంటకి ఒకటీ రెండూ పర్వాలేదు. వరసగా పెరుగుతుంటే ఆపి కారణం వెతకండి.

చోటు సంగతి కూడా ముందే చూసుకోవాలి. పాల్ బొమ్మ 720 బై 576 కొలతలో, సెకనుకి 25 ఫ్రేములు. అసలేమీ కుదించకుండా దాచితే గంటకి సుమారు 75 జీబీ అవుతుంది. హఫ్‌వైయూవీ లాంటి, నాణ్యత ఏమాత్రం పోని కోడెక్ వాడితే నా క్యాసెట్లకి గంటకి 30 జీబీ దాకా పట్టింది. డిస్కు నిండిపోయి మధ్యలో ఆగిపోతే క్యాసెట్‌ని మళ్లీ తిప్పాలి. పాత రీలుని అనవసరంగా ఒక్కసారి కూడా ఎక్కువ తిప్పకూడదు.

ఓబీఎస్ వాడేవాళ్లకి ఒక సూచన. కాన్వాస్ కొలతని 1080కి పెట్టి రికార్డు చేయకండి. తర్వాత సరిచేయలేని విధంగా గీతలు కలిసిపోతాయి. 720 బై 576 పెట్టండి. ఫైలు ఎమ్‌కేవీలో పెట్టండి. మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా వచ్చింది మిగులుతుంది.

ఆరో మెట్టు: ఫైలు

చెయ్యి కదిలినప్పుడల్లా దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తున్నాయా? ఇది తప్పు కాదు. పాత టీవీ ఒక ఫ్రేముని రెండు సగాలుగా చూపించేది. ముందు ఒకటి విడిచి ఒకటి గీతలు, తర్వాత మిగతా గీతలు. అంటే సెకనుకి 50 సగాలు. మన కొత్త తెరలు రెండూ కలిపి ఒకేసారి చూపిస్తాయి కాబట్టి పళ్లు కనిపిస్తాయి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, హ్యాండ్‌బ్రేక్ లాంటి సాఫ్ట్‌వేర్లో డీఇంటర్లేస్ చేసి సెకనుకి 50 ఫ్రేములుగా మార్చండి. తాతయ్య గజ్జెకట్టిన కాలు వేసే అడుగు అప్పుడు తొణక్కుండా కనిపిస్తుంది. మార్చాక బొమ్మ ముందుకీ వెనక్కీ ఊగుతున్నట్టుంటే సగాల వరస తారుమారైంది, ఆ ఒక్క సెట్టింగు మార్చండి.

బొమ్మ అడుగున సన్నటి చిందరవందర పట్టీ ప్రతి వీహెచ్‌ఎస్‌లోనూ ఉంటుంది. పాత టీవీ చట్రం దాన్ని దాచేసేది. చూపించే ప్రతిలో దాన్ని నల్లగా మూసేయండి. బొమ్మని 4:3లోనే ఉంచండి. తెర నిండాలని పక్కలకి సాగదీస్తే రాములవారు, హరిదాసు అందరూ లావైపోతారు.

ఇక మాట శుభ్రం చేయడం. ఇక్కడ రెండో తప్పు చేశాను. క్యాసెట్ బుసబుసలు తగ్గిద్దామని నాయిస్ రిడక్షన్ వేశాను. మొదటి అయిదు సెకన్లని మోత నమూనాగా తీసుకుని మొత్తం శుభ్రం చేయమన్నాను. చాలా శుభ్రంగా వచ్చింది. ఫోన్లో అమ్మమ్మకి వినిపించాను. రెండు నిమిషాలు విని, "శ్రుతి ఏదిరా?" అంది.

మళ్లీ విన్నాను. నిజమే. ఆ మొదటి అయిదు సెకన్లలో అప్పటికే శ్రుతి పెట్టె మోగుతోంది. ఆగకుండా ఒకేలా వినిపించేదాన్ని కంప్యూటర్ మోత అనుకుంటుంది. శ్రుతి కూడా అలాంటిదే కదా! బుసతో పాటు దాన్నీ తుడిచేసింది. తాతయ్య పాట ఆధారం లేకుండా గాలిలో వేలాడుతోంది. చిడతల గలగల కూడా సగం పోయింది. సంగీతం రాని నాకు తెలియలేదు, ఆయన పక్కన నలభై ఏళ్లు ఉన్న మనిషికి వెంటనే తెలిసింది.

భక్తి కార్యక్రమాల రికార్డింగుల్లో తంబురా, శ్రుతి పెట్టె, నాదస్వరం పక్కన ఊదే శ్రుతి ఇవన్నీ ఉంటాయి. మోత నమూనా తీసుకోవాలంటే ఏదీ మోగని చోటు వెతకండి. లేకపోతే ఆ పని చేయకండి. కాస్త బుస ఉన్నా ఫరవాలేదు. శుభ్రం చేశాక ఆ మనుషుల్ని ఎరిగున్న పెద్దవాళ్లకి ఒకసారి వినిపించండి.

మూలవిరాట్టు, ఉత్సవమూర్తి

ఆ రోజు నేను బతికిపోయింది ఒక్క అలవాటు వల్ల. మొదట తీసిన ఫైలుని ముట్టుకోలేదు, కాపీ మీదే పని చేశాను.

గుళ్లో మూలవిరాట్టు గర్భాలయం దాటి రారు. ఊరేగింపుకి, వాహనసేవకి, కల్యాణానికి ఉత్సవమూర్తి వస్తారు. ఫైళ్లని కూడా అలాగే చూడండి. క్యాసెట్ నుంచి వచ్చిన మొదటి ఫైలు, బుసతో, దువ్వెన పళ్లతో, అడుగు పట్టీతో సహా, మూలవిరాట్టు. దాన్ని కత్తిరించొద్దు, రంగులు దిద్దొద్దు. దానికి కాపీ తీసి అలంకరించి అందరికీ పంపేది ఉత్సవమూర్తి. రేపు ఇంకా మంచి సాఫ్ట్‌వేర్ వస్తే మూలం నుంచి మళ్లీ కొత్తగా చేసుకోవచ్చు. మూలాన్నే మార్చేస్తే ఇంక చేయగలిగింది లేదు.

మూలం ప్రతులు మూడు ఉండాలి. కనీసం రెండు వేరువేరు డిస్కుల్లో, అందులో ఒకటి వేరే ఊళ్లో. నాది ఒకటి హైదరాబాద్‌లో, ఒకటి ఆన్‌లైన్‌లో, ఒకటి మావయ్య ఇంట్లో. క్యాసెట్‌ని కూడా పారేయకండి. నిలువుగా, చెమ్మ తగలని చోట దాచండి.

ఒక మాట. 1987, 88లలో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో వచ్చిన రామాయణాన్ని రికార్డు చేసుకున్న క్యాసెట్లు కూడా కొందరి దగ్గర ఉన్నాయి. ఇంట్లో చూసుకోండి, కానీ ఎక్కడా అప్‌లోడ్ చేయకండి. వాటి హక్కులు వేరేవాళ్లవి. మన ఇంటివి, మన ఊరివి పెట్టేటప్పుడు కూడా అందులో కనిపించే కుటుంబాలని ఒకసారి అడగండి.

ఆ 20 సెకన్లు

వీడియో పూర్తయ్యాక అమ్మమ్మ దగ్గరికి ఊరు తీసుకెళ్లి టీవీలో పెట్టాను. గంటా పది నిమిషాల దగ్గర గీతలు వచ్చాయి. నేను తల దించుకున్నాను.

"ఇక్కడ పోయిందా?" అంది. కాసేపాగి మళ్లీ తనే చెప్పింది. "ఎప్పుడు పెట్టుకున్నా ఇక్కడే ఆపేదాన్నిరా. ఆయనకి గొంతు తడారిపోతే నేనే లేచి మంచినీళ్ల గ్లాసు ఇచ్చాను. ఈ క్యాసెట్ మొత్తంలో నేను కనిపించేది ఈ ఒక్కచోటే."

క్యాసెట్ నా చేతికి వచ్చేసరికి మొదట్లో కాకుండా సరిగ్గా అక్కడే ఎందుకు ఆగి ఉందో అప్పుడు అర్థమైంది. చివరిసారి చూసి ఆపింది అమ్మమ్మే.

"ఏం పర్లేదులే నాన్నా, మీ తాతగారు కనిపించారు కదా" అంది. నాకు మాత్రం అన్నం సహించలేదు.

హైదరాబాద్ వచ్చాక ఆ ముడతల రీలుని వేళ్లు అంటకుండా బట్ట మీద పరిచి సాపు చేసి మళ్లీ చుట్టాను. మిగతా రెండు గంటలూ అప్పటికే భద్రంగా ఫైల్లో ఉన్నాయి కాబట్టే ఆ ధైర్యం. నలిగిన చోటు హెడ్‌కి కూడా ప్రమాదమే, అందుకే అలాంటి చోటుని అన్నిటికన్నా చివర ముట్టుకోవాలి. ఆ ముక్కని మాత్రం ట్రాకింగ్ కొంచెం కొంచెం మారుస్తూ ఆరుసార్లు క్యాప్చర్ చేశాను. ఒక్కోసారి ఒక్కో ఫ్రేము కాస్త బాగా వస్తుంది. 20 సెకన్లంటే 500 ఫ్రేములు. ఆరుసార్లూ కలిపి ఒక్కొక్కటే చూస్తే నాలుగు దొరికాయి. ఒకదాన్లో ఇత్తడి గ్లాసు పట్టుకున్న చెయ్యి, పక్కనే సగం మొహం. ముదురు రంగు చీర, ముక్కుపుడక. చాలా మసగ్గా ఉంది కానీ గుర్తుపట్టొచ్చు.

దాన్ని ఫోటో తీయించి పంపాను. ఇప్పుడది అమ్మమ్మ పూజగదిలో, తాతయ్య ఫోటో పక్కన ఉంది. వీడియోలో ఆ చెదిరిన 20 సెకన్లని మాత్రం కత్తిరించలేదు. అక్కడ ఏముందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

మీ ఇంట్లో క్యాసెట్లుంటే ఈ వారమే దించండి. ప్లే చేయడం తర్వాత సంగతి. ముందు వెలుతురులో పెట్టి కిటికీలోంచి చూడండి. అందులో ఎక్కడ ఏముందో పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని అడిగి రాసుకోండి. నేను ముందే అడిగుంటే ఆ క్యాసెట్‌ని అలా తోసేసేవాణ్ణి కాదు.

శుభం. జై శ్రీరామ్.